శిశుసంక్షేమశాఖలు: సేవాసంస్థలతో ఒడంబడికలు

తల్లిదండ్రులను కోల్పోయినవారు, తల్లిదండ్రులుండియు వారిచేతనే హింసింపబడినవారు, వీధులపాలైనవారు, వెట్టిచాకిరినుండి విడిపింపబడినవారు మొదలగు బాలల సంరక్షణభారమును ఆధునికదేశములన్నిటను చట్టము ప్రభుత్వముపై నుంచినది. ఈ భారమును శాఖ తన ఉద్యోగులచేతనే నిర్వహించుట యొక పద్ధతి. ధనమిచ్చి, నియమములు విధించి, స్వచ్ఛందసంస్థలచేతను, మతసంస్థలచేతను, కొన్ని దేశములలో లాభార్జనకై వెలసిన కంపెనీలచేతను నిర్వహింపజేయుట మరియొక పద్ధతి. ఈ రెండవ పద్ధతిలో ఉభయపక్షములకును కుదురు ఏర్పాటు ఒకచోట కాంట్రాక్టు అనియు, మరియొకచోట గ్రాంటు అనియు వ్యవహరింపబడుచున్నను సారము ఒక్కటియే: ఎట్టి బిడ్డలను, ఎందరిని, ఎంతకాలము, ఏ ప్రమాణమున పోషింపవలెనో, అందులకు ఎంత ధనము ఏ లెక్కన చెల్లునో, మాట తప్పినచో ఏమి జరుగునో అందు వ్రాయబడియుండును.

సాధారణమైన ప్రభుత్వ కాంట్రాక్టులకును దీనికిని గల భేదము చాల గొప్పది. రోడ్డు వేసిన కాంట్రాక్టరు పనిని ఇంజనీరు కొలిచి, కొలతల పుస్తకమున కెక్కించి, దానినిబట్టి బిల్లు మంజూరు చేయును. బిడ్డకు దొరకిన ఆప్యాయతను, చదువును, భయములేని నిద్రను కొలుచు సాధన మేదియు లేదు. సేవ పొందునది బిడ్డ, దాని వెల చెల్లించునది శాఖ. ఒడంబడికపై చేవ్రాలు చేయని, నచ్చకున్నచో మరియొకచోటికి పోలేని, తన కష్టమును చెప్పుకొనుటకు సైతము ఇతరుల అనుగ్రహమును కోరవలసిన బిడ్డయొక్క పక్షమున ఆ కాగితములో నున్నవి అక్షరములు మాత్రమే. పైగా ఈ సేవ నందింపగల సంస్థలు పెక్కు జిల్లాలలో ఒకటి రెండుకంటె ఎక్కువ యుండవు గనుక, తప్పుచేసిన సంస్థను తొలగింపదలచిన అధికారికి మొదట ఎదురగు ప్రశ్న ఆ రాత్రి ఆ పిల్లలను ఎచ్చట పడుకొనబెట్టవలెనన్నదే. కాంట్రాక్టు నిచ్చినంతమాత్రమున ప్రభుత్వముయొక్క బాధ్యత తీరిపోదు. న్యాయస్థానములు బిడ్డకు కలిగిన హానికి శాఖనే సమాధానమడుగుచున్నవి.

ఈ వ్యవస్థయొక్క చరిత్రలో మరల మరల కానవచ్చు విషయ మొకటి కలదు. ప్రభుత్వము ధనమును దేనినిబట్టి లెక్కించునో, కాలక్రమమున సంస్థల నడవడి దానినే అనుసరించును. తలకింతయని ఇచ్చినచో తలలు పెరుగును. దినమునకింతయని ఇచ్చినచో దినములు పెరుగును. అందరికంటె తక్కువ అడిగినవారికే ఇచ్చినచో పనివారు తగ్గుదురు. సంస్థలను నడుపువారు దుర్మార్గులు కానక్కరలేదు. సద్బుద్ధితో స్థాపింపబడిన సంస్థకును జీతములు చెల్లింపవలసిన తేదీ యొకటి యుండును.

ప్రాచీనరూపములు. ఇంగ్లండున 1866 నాటి ఇండస్ట్రియల్ పాఠశాలల చట్టము క్రింద దాతలు స్థాపించిన పాఠశాలలను ప్రభుత్వపరీక్షకులు తనిఖీ చేసి యోగ్యతాపత్ర మిచ్చెడివారు. ఖజానానుండి పిల్లవానికింతయని గ్రాంటు చెల్లెడిది. పడకలు నిండియున్నగాని గ్రాంటు నిండుగా రాదు గనుక, ఇంటికి పంపదగిన పిల్లలను సైతము నిర్వాహకులు నిలిపియుంచుచున్నారను విమర్శ ఆ కాలమునందే వినబడినది. యోగ్యతాపత్రము పొందిన పాఠశాలలను గూర్చిన యీ భావమే 1920 నాటి మదరాసు బాలల చట్టముద్వారా మనదేశమున ప్రవేశించినది.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రము 1875లో, పిల్లలను పేదల ఆశ్రమములయందు వృద్ధులతోను రోగులతోను కలిపి యుంచరాదనియు, వారిని తొలగించి, సాధ్యమైనంతవరకు వారి వారి మతమునకు చెందిన సంస్థల కప్పగింపవలెననియు శాసించెను. ఉద్దేశము ఉత్తమమైనదే, కాని ప్రైవేటు ఆశ్రమములకు ప్రభుత్వధనము తలలెక్కన ప్రవహింపసాగుటతో ఆశ్రమవాసులగు బాలలసంఖ్య మిక్కిలి పెరిగినది. హోమర్ ఫోక్స్ అను సంఘసేవాధురంధరుడు 1902లో ప్రకటించిన గ్రంథమున, న్యూయార్కువారి గ్రాంటు పద్ధతిని, రాష్ట్రమే పాఠశాలను నడపు మిచిగన్ పద్ధతిని, జిల్లాకొక బాలగృహమును పెట్టు ఒహాయో పద్ధతిని, పిల్లలను కుటుంబములయందుంచు మసాచుసెట్స్ పద్ధతిని పోల్చి పరిశీలించెను. నేటి వాదములలో సగము ఆ గ్రంథమున అప్పటికే కలవు.

మతసంస్థలకు కాంట్రాక్టుల నిచ్చుటవలన పుట్టు చిక్కులను న్యూయార్కు నగరమే తరువాతి శతాబ్దమున చవిచూచినది. ఎవరిని చేర్చుకొనవలెనో నిర్ణయించు స్వేచ్ఛ సంస్థలకుండెను; కాథలిక్కుల సంస్థలు కాథలిక్కులకును, యూదుల సంస్థలు యూదులకును ప్రాధాన్యమిచ్చుటచే, నల్లజాతికి చెందిన ప్రొటెస్టంటు పిల్లలకు మంచి గృహములలో చోటు దొరకెడిది కాదు. వైల్డర్ వ్యాజ్యమను పేర ప్రసిద్ధమైన దావా 1973లో దాఖలై, రాజీకుదిరి, ఆ రాజీ అమలగుటలోనే ఏండ్లు గడచి, శతాబ్దాంతమువరకు సాగినది. ప్రభుత్వధనము పుచ్చుకొను సంస్థ ప్రభుత్వము పంపిన బిడ్డను కాదనవచ్చునా యను ప్రశ్న ఆ దావాకు మూలము. కావుననే నేటి కాంట్రాక్టులు పెక్కింటిలో, పంపిన బిడ్డను నిరాకరింపరాదనియు, చేర్చుకొన్న బిడ్డను తనంత తాను వెడలగొట్టరాదనియు నిబంధన యుండును. ఈ నిబంధన లేనిచో సంస్థలు సాధువులగు పిల్లలను ఏరుకొనును. దెబ్బతిన్న మనస్సుతో తిరుగబడు బిడ్డ, అనగా ఎవరికొరకు ఈ యేర్పాటంతయు కల్పింపబడినదో ఆ బిడ్డయే, ఒక గడపనుండి మరియొక గడపకు త్రోయబడును.

చెల్లింపు పద్ధతులు. దినమునకింతయను ధర అన్నిటికంటె పురాతనమైనది, అన్నిటికంటె సులభమైనది. సంస్థ నెలాఖరున పిల్లల హాజరుపట్టీని పంపును; శాఖలోని గుమాస్తా ఒక్కొక్క పేరునకెదుట ఎన్ని రాత్రులు గడచినవో కూడి, ధరతో గుణించి, బిల్లును తయారుచేయును. ఆ పట్టీలో, ఇరువదవ తేదీని తల్లియొద్దకు తిరిగి పోయిన బిడ్డ సంస్థకు పదిరోజుల నష్టముగా కనబడును; ఎన్నటికిని పోని బిడ్డ నికరమైన ఆదాయముగా కనబడును. బిడ్డను ఇల్లు చేర్చుటయే ధ్యేయమని మొదటిపుటలో వ్రాసికొన్న ఒడంబడిక, చివరిపుటలోని ధరలపట్టికచేత ఆ ధ్యేయమునే శిక్షించుచున్నదన్న మాట.

ఈ దోషమును పోగొట్టవలెనని కాన్సాస్ రాష్ట్రము చేసిన ప్రయత్నము ప్రసిద్ధమైనది. పిల్లల సంరక్షణము హీనముగా నున్నదని 1989లో వేయబడిన దావా ఒత్తిడితో, ఆ రాష్ట్రము 1996లో కుటుంబపరిరక్షణ సేవలను, దత్తతలను, 1997లో పోషకకుటుంబముల యేర్పాటును ప్రైవేటుసంస్థల కప్పగించి, యావద్రాష్ట్రమున ఇట్లు చేసిన మొదటి రాష్ట్రమైనది. దినముల లెక్క విడిచి, బిడ్డకొకటేసారి యింతయని మొత్తమును నిర్ణయించిరి. బిడ్డను త్వరగా ఇల్లు చేర్చినచో మిగులు సంస్థది, ఆలస్యమైనచో నష్టము సంస్థది. ఊహలో ఇది యుక్తియుక్తమే. కాని ఒక్కొక్క బిడ్డకు వాస్తవముగా ఎంత ఖర్చగునో తెలుపు లెక్కలు రాష్ట్రమువద్దనే సరిగా లేవు; కేసుల వ్యవధిని నిర్ణయించునది న్యాయస్థానమేగాని సంస్థ కాదు; రోగపీడితులు, వికలాంగులు ఎందరు వత్తురో ముందుగా చెప్పగలవారు లేరు. సంస్థలు అప్పులలో మునిగినవి, రాష్ట్రము అదనపు ధనమును పోయవలసివచ్చినది, 2000లో నెలకింతయను లెక్కకు మరలవలసివచ్చినది. తన చేతిలో లేని కారణములవలన కలుగు నష్టమును సంస్థపై మోపుట మితవ్యయము కాదను పాఠమును కాన్సాస్ చాల మూల్యమిచ్చి నేర్చుకొన్నది.

ఇల్లినాయ్ రాష్ట్రము అవలంబించిన మార్గము వేరు. అచ్చట 1990లలో ప్రభుత్వసంరక్షణమునందలి బాలలసంఖ్య పెరిగి పెరిగి 1997 నాటికి 50 వేలు దాటినది. వీరిలో అధికభాగము చికాగో నగరముగల కుక్ కౌంటీలో, తమ బంధువుల యిండ్లలోనే యున్నవారు. ఆ సంవత్సరమున శాఖ కుదిర్చిన క్రొత్త కాంట్రాక్టులో ఒక్కొక్క కార్యకర్తకు 25 మంది పిల్లల చొప్పున లెక్కకట్టి ధనమిచ్చిరి. ప్రతిసంస్థయు ఏడాదికి నిర్ణీతసంఖ్యలో క్రొత్తపిల్లలను చేర్చుకొని తీరవలెను, నిర్ణీతసంఖ్యలో పిల్లలకు శాశ్వతమగు గృహమును, అనగా తల్లిదండ్రుల యిల్లుగాని, దత్తతగాని, బంధువుల సంరక్షకత్వమునుగాని, సమకూర్పవలెను. అంతకు తక్కువ చేసినచో పిల్లలు పేరుకొని పోవుదురేగాని ధనము పెరుగదు. ఎక్కువ చేసినచో పిల్లలు తగ్గుదురేగాని ధనము తగ్గదు, మిగిలినవారిపై మరింత శ్రద్ధ చూపుటకు వీలగును. కొలదియేండ్లలో శాశ్వతగృహములు పొందినవారి సంఖ్య రెండింతలు మించినది, సంరక్షణమునందలి బాలలసంఖ్య 20 వేలకు లోపుగా దిగినది. ఇదంతయు కాంట్రాక్టు మహిమయే యనుట సరికాదు. సంరక్షకులుగా ఏర్పడిన బంధువులకు నెలనెలా ధనసహాయమిచ్చు క్రొత్తపథకము అప్పుడే వచ్చినది, అదే సంవత్సరమున ఫెడరల్ ప్రభుత్వము దత్తతలను ప్రోత్సహించు చట్టమును చేసినది, చికాగో విశ్వవిద్యాలయాదులలోని పరిశోధకులు ఏండ్ల తరబడి కూర్చిన గణాంకములు శాఖకు అందుబాటులో నుండెను. ఐనను, కాన్సాస్ తెలియక చేసినదానిని ఇల్లినాయ్ తెలిసి చేసినదనుట న్యాయము. లెక్కలు చేతనుండగా వ్రాసిన ఒడంబడిక వేరు, ఆశను చేతబట్టి వ్రాసిన ఒడంబడిక వేరు.

టెండర్లు. సంస్థ నెన్నుకొనుటలో ధరకు ఎంత ప్రాధాన్యమీయవలెనన్నది శాఖల నెల్ల వేధించు సమస్య. నెబ్రాస్కా రాష్ట్రమున జరిగినదానిని ఇచ్చట కొంత వివరముగా చెప్పుట అవసరము. ఆ రాష్ట్రము 2009లో పలుసంస్థలకు పిల్లల బాధ్యతను అప్పగింపగా, 2012 నాటికి ఒక్కటితప్ప అన్నియు నష్టములకు తాళలేకగాని, ఒప్పందము రద్దగుటచేతగాని నిష్క్రమించినవి. మిగిలిన ఆ యొక్క సంస్థయు ఓమాహా పరిసరములలో పనిచేయుచుండగా, 2019లో మరల టెండరు పిలిచిరి. పాతసంస్థ అయిదేండ్లకు సుమారు 34 కోట్ల డాలర్లు కోరినది; కాన్సాస్ నుండి వచ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ మినిస్ట్రీస్ అను సంస్థ 20 కోట్లకు లోపుగనే చేసెదనన్నది. నూటికి నలువది వంతులు తక్కువ! ఒక్కొక్క కార్యకర్త చేతిలో 12 నుండి 17 కేసులే యుండవలెనని ఆ రాష్ట్రపు చట్టము చెప్పుచుండగా, అంతకు మించి అప్పగింపవచ్చునను లెక్కపై ఆ ధర నిలిచియున్నది. పాత టెండరుదారు అభ్యంతరము చెప్పినను, శాఖ తక్కువ ధరనే అంగీకరించినది. రెండేండ్లు తిరుగకముందే సంస్థవద్ద ధనము నిండుకొనినది, కార్యకర్తలు చాలలేదు, 2021 ఆరంభమున శాఖ అత్యవసరముగా హెచ్చుధరకు క్రొత్త ఒప్పందము చేసికొనవలసివచ్చినది. ఆ యేడాది చివర దానినికూడ ముగింపనిశ్చయించి, 2022లో పిల్లల బాధ్యతను రాష్ట్రమే తిరిగి స్వీకరించినది. ఇంత తక్కువ ధర ఎట్లు సాధ్యమని అడిగి, జీతముల పట్టికను చట్టముతో సరిపోల్చి చూడగల అధికారి యొకడు టెండరు సంఘమున గట్టిగా నిలచియున్నచో ఈ కథ నడవకపోయెడిది. ఈ రెండేండ్లలో పిల్లలకు కార్యకర్తలు మారుచు వచ్చిరి. తన కథను ప్రతి క్రొత్తముఖమునకును మొదటినుండి చెప్పుకొనవలసిన బిడ్డ పడు బాధ ఏ ఆడిటు నివేదికలోను లెక్కకు రాదు.

ఫ్లారిడా రాష్ట్రము 1998 చట్టముచే ప్రాంతమునకొక ప్రధానసంస్థను నియమించి, ఆ సంస్థ మరల చిన్నసంస్థలతో ఒప్పందములు చేసికొను రెండంతస్తుల యేర్పాటును 2005 నాటికి రాష్ట్రమంతట నెలకొల్పెను. స్థానికుల ప్రమేయము పెరుగుట దీనిలోని గుణము. బిడ్డకును ప్రభుత్వమునకును నడుమ మెట్లు పెరుగుట దీనిలోని దోషము.

ఇంగ్లండునందలి స్థానికప్రభుత్వములు ఎక్కువభాగము ప్రైవేటువారి బాలగృహములపైనను, పోషకకుటుంబ సంస్థలపైనను ఆధారపడియున్నవి. ముందుగా ధరలు కుదుర్చుకొన్న సంస్థల జాబితానుండి కొనుట, కొన్ని పడకలను ఏడాది పొడుగున తనకై యుంచుకొనుట, అవసరము పడినపుడు దొరకినచోట దొరకిన ధరకు కొనుట అని మూడు పద్ధతులు కలవు. మూడవది సాధారణముగా ఖరీదైనది, తరచు జరుగునది. అచ్చటి పోటీవ్యవహారముల సంస్థ 2022 మార్చిలో ప్రకటించిన నివేదిక, పెద్దకంపెనీలు న్యాయమైన పోటీలో రాదగినదానికంటె ఎక్కువ లాభము పొందుచున్నవనియు, కొన్ని కంపెనీలు అప్పులపై నిలచియుండుటచే హఠాత్తుగా కూలు ప్రమాదము కలదనియు తేల్చినది. ఇండ్లు చౌకగా దొరకు వాయవ్యప్రాంతమున బాలగృహములు కుప్పలుగా వెలయుటచే, దక్షిణమునందలి బిడ్డలు తమ ఊరికిని బడికిని తోబుట్టువులకును దూరముగా పంపబడుచున్నారు. వేల్సు దేశము ఈ రంగమునుండి లాభమును క్రమముగా తొలగించుటకు 2025లో చట్టమునే చేసినది.

భారతదేశము. మనదేశమున ఈ వ్యవస్థ టెండరు మార్గమున గాక గ్రాంటు మార్గమున పెరిగినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమమండలి స్థాపితమై, రాజమహేంద్రవరమున జన్మించి ఆంధ్రమహిళాసభను నెలకొల్పిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ దానికి ప్రథమాధ్యక్షురాలైనది. స్త్రీలకును బాలలకును సేవచేయు స్వచ్ఛందసంస్థలను గుర్తించి, వాటికి గ్రాంటులిచ్చి, అవి నిలద్రొక్కుకొనునట్లు చేయుట ఆ మండలి ప్రధానకార్యము. ప్రజలయందు సహజముగా నున్న సేవాభావమును ప్రభుత్వధనము బలపరచవలెనేగాని దానికి బదులుగా నిలువరాదన్నది ఆనాటి నాయకుల విశ్వాసము. ఆ విశ్వాసమునందు ఔన్నత్యము కలదు. దాని నీడలో మరియొక అలవాటుకూడ ప్రబలినది: గ్రాంటును హక్కుబాధ్యతలతో కూడిన ఒడంబడికగా గాక అనుగ్రహముగా చూచుట. ఇచ్చువాడు ఆలస్యము చేసినను పుచ్చుకొనువాడు అడుగజాలడు. పుచ్చుకొనువాడు పెద్దమనుష్యుడైనచో ఇచ్చువాడు ప్రశ్నింపజాలడు.

నేటి చట్టబద్ధమైన చట్రము 2016 జనవరి 15న అమలులోనికి వచ్చిన బాలల న్యాయచట్టము, అనగా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము. ప్రభుత్వగ్రాంటు పొందినను పొందకున్నను, పిల్లల నుంచుకొను ప్రతి సంస్థయు రిజిస్టరు చేయించుకొనవలెననియు, ఆ రిజిస్ట్రేషను అయిదేండ్లకు చెల్లుననియు 41వ సెక్షను విధించుచున్నది. రిజిస్టరు కాక నడపువారికి ఏడాదివరకు ఖైదుగాని, లక్షరూపాయలకు తక్కువకాని జుర్మానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ధనము కేంద్రరాష్ట్రముల వాటాలతో 2009 నుండి సమగ్ర బాలల పరిరక్షణ పథకముద్వారాను, తరువాత మిషన్ వాత్సల్యద్వారాను వచ్చుచున్నది. గృహమునందలి బిడ్డకు నెలకు చెల్లు పోషణగ్రాంటు వాత్సల్యలో 3,000 రూపాయలు. కుటుంబమునందే యుంచి స్పాన్సర్‌షిప్పు ద్వారా ఆదుకొను బిడ్డకు 4,000 రూపాయలు. ఈ రెండంకెలలో ఒక సద్విధానము కానవచ్చుచున్నది: బిడ్డను తల్లి చెంతనే యుంచుట మేలన్న సూత్రమునకు ధనముకూడ సాక్ష్యము పలుకుచున్నది.

గ్రాంటు పొందిన సంస్థ కేంద్రప్రభుత్వపు సాధారణ ఆర్థికనియమముల ననుసరించి, ఆర్థికసంవత్సరము ముగిసిన పండ్రెండు నెలలలో వినియోగ ధ్రువపత్రమును దాఖలు చేయవలెను. అది రానిదే తరువాతి కిస్తు కదలదు. కాగితముపై ఇది సక్రమమే. కాని సంస్థనుండి జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు, అచ్చటినుండి రాష్ట్రకార్యాలయమునకు, అచ్చటినుండి ఢిల్లీకి ఫైలు పోయి, ఒక ధ్రువపత్రములోని ఒక అంకెకు వివరణ కోరబడి తిరిగి వచ్చునప్పటికి, గృహమున వార్డెనుకు జీతము నిలిచిపోవును, కిరాణాకొట్టువాని పద్దు పెరుగును, పాలు నీళ్లగును. ఆలస్యముగా వచ్చు గ్రాంటు తక్కువ గ్రాంటుతో సమానము. దానిని భరింపగల సంస్థలు రెండే రకములు, దాతల బలము కలవి, పిల్లల నోటినుండి తగ్గించునవి. అట్లగుట వలన, చెల్లింపునందలి కాలనియమమును పాటించుటయే సంస్థలపై ప్రభుత్వము చేయదగిన మొదటి పర్యవేక్షణ యని ఈ వ్యాసకర్త దృఢముగా నమ్ముచున్నాడు. తాను మాట నిలుపుకొనని అధికారికి ఎదుటివానిని నిలదీయు నైతికబలము ఉండదు.

తనిఖీలు. బాలల న్యాయచట్టముయొక్క 54వ సెక్షను ప్రకారము తనిఖీసంఘములు మూడుమాసములకొకసారియైన ప్రతిగృహమును దర్శింపవలెను. ముగ్గురికి తక్కువకాని ఆ బృందమున ఒక స్త్రీయు ఒక వైద్యాధికారియు ఉండితీరవలెను. వారమురోజులలో నివేదిక చేరవలెను. బాలల సంక్షేమ కమిటీ సభ్యులు నెలకు రెండు తనిఖీలైనను చేయవలెను. 2021 నాటి సవరణము జిల్లా మేజిస్ట్రేటునకు ఈ వ్యవస్థపై అధికారమును మరింత విస్తరింపజేసినది. తనిఖీల సంఖ్యకేమియు కొరతలేదు. కొరత వాటి తీరునందున్నది. ముందుగా కబురుపంపి వచ్చిన బృందమునకు ఆఫీసుగదిలో కుర్చీలు వేయబడును. హాజరురిజిస్టరు, స్టాకురిజిస్టరు, వైద్యపరీక్షల పుస్తకము బల్లపై పేర్చబడియుండును. పిల్లలు వరుసలో నిలిచి నమస్కరింతురు. వార్డెను ప్రక్కన నిలిచియుండగా, అన్నము బాగున్నదా యని అడిగినచో బాగున్నదని ఏకకంఠముగా పలుకుదురు. తెలివిగల తనిఖీదారు స్టాకురిజిస్టరులోని కందిపప్పు బస్తాలను వంటయింటిలోని బస్తాలతో సరిచూచును, స్నానాలగదికి లోపల గడియ యున్నదా యని చూచును, రాత్రివేళ తాళపుచెవి ఎవరియొద్ద నుండునో అడుగును, పిమ్మట పెద్దలెవ్వరును వినని చోట, చెట్టుక్రింద, పిల్లలతో చాలసేపు కూర్చుండును.

ఈ చివరిపనియొక్క విలువను బీహారునందలి ముజఫర్‌పూర్ ఉదంతము దేశమునకంతకును చాటినది. ప్రభుత్వగ్రాంటుతో ఒక స్వచ్ఛందసంస్థ నడుపుచున్న బాలికల గృహమది. అధికారులు వచ్చుచు పోవుచునే యుండిరి, రిజిస్టర్లు సక్రమముగనే యుండెను. టాటా సాంఘికశాస్త్రాల సంస్థకు చెందిన ‘కోశిశ్’ బృందము రాష్ట్రమునందలి నూటికి పైగా గృహములను సామాజిక తనిఖీచేసి, 2018లో నివేదిక సమర్పించినపుడు మాత్రమే, అచ్చటి బాలికలపై లైంగికహింస జరుగుచున్నదన్న సంగతి వెలికివచ్చినది. ముప్పదిమందికి పైగా బాలికలు బాధితులని తేలినది. అదే నివేదికలో తీవ్రమగు ఆందోళన వెలిబుచ్చబడిన 17 గృహములన్నిటిని గూర్చి దర్యాప్తు చేయుమని సుప్రీంకోర్టు సి.బి.ఐ.ని ఆదేశించెను, ముజఫర్‌పూర్ కేసును ఢిల్లీకి బదిలీచేసి విచారింపగా, 2020లో 19 మందికి నేరము రుజువై, ప్రధానముద్దాయికి జీవితాంతపు ఖైదు విధింపబడెను. అంతకు ముందే, 2017 మేలో, తమిళనాడు అనాథాశ్రమముల వ్యాజ్యమున అదే న్యాయస్థానము గృహములన్నిటికిని రిజిస్ట్రేషనును, సామాజిక తనిఖీని ఆదేశించియుండెను. శాఖవారి తనిఖీకి దొరకనిది ఆ బృందమునకు దొరకుటకు కారణ మొక్కటే: శాఖవారు సంస్థను అడిగిరి, వీరు పిల్లలను అడిగిరి. కావున గ్రాంటునిచ్చు చేయియు తనిఖీచేయు కన్నును ఒకే ఉద్యోగివి కాకుండుట మంచిది.

తెలుగుదేశమునకు ఈ విషయమున స్వానుభవమున్నది. 1999లోను 2001లోను, లైసెన్సు పొందిన కొన్ని దత్తతసంస్థలు తెలంగాణములోని లంబాడి తండాలనుండి ఆడశిశువులను స్వల్పధనమునకు సేకరించి, విదేశీదంపతులకు దత్తత యిచ్చుచున్నవను ఆరోపణలపై దాడులు జరిగి, లైసెన్సులు రద్దయి, శిశువులు హైదరాబాదునందలి యూసుఫ్‌గూడ శిశువిహారునకు చేర్చబడిరి. విదేశీదత్తతయందు సంస్థకు లభించు రుసుము స్వదేశీదత్తతయందు లభించుదానికంటె ఎన్నోరెట్లు హెచ్చు. పేదతల్లి బిడ్డకు ఆ రుసుమే ఆపదయైనది. రాష్ట్రప్రభుత్వము 2001లో పేదరికము, అధికసంతానము, ఆడపుట్టుక అను కారణములపై శిశువులను వదలుకొనుటను నిషేధించినది. 2015 తరువాత దేశమంతటను దత్తతదరఖాస్తులు ఒకే కేంద్రపోర్టలులో వరుసక్రమమున సాగుటచే, ఏ బిడ్డ నెవరికీయవలెనో నిర్ణయించు స్వేచ్ఛ సంస్థలకు లేకపోయినది; రుసుములుకూడ నిబంధనలచే స్థిరమైనవి. ఇది పర్యవేక్షణను పెంచుటచే గాక, లాభమునకు దారితీయు తలుపునే మూసివేయుటచే సాధింపబడిన సంస్కరణము. అందుచేతనే అది నిలచినది.

ఒడంబడికల ముగింపు. సంస్థను తొలగించునపుడు పాటింపవలసిన క్రమమును ఒడంబడికలోనే వ్రాసికొనుట అరుదు. అవసరము వచ్చినపుడు అది లేక బాధపడుట తరచు. ఎన్నినెలల ముందు నోటీసు ఇయ్యవలెను, బిడ్డ ఫైలు, టీకాలపుస్తకము, బడి సర్టిఫికెట్లు, తల్లి చిరునామా ఎవరికి ఏ తేదీన అప్పగింపవలెను, బిడ్డకు చేరువైన ఆయమ్మను క్రొత్తసంస్థ కొనసాగించునా, తోబుట్టువులను విడదీయకుండుటకు ఎవరు పూచీ — ఇవన్నియు ముందుగనే తేలియుండవలసినవి.

సేవ ఇట్లు చేతులు మారుట మనదేశమున పెద్దయెత్తున జరిగినది ఆపదలోనున్న బాలలకొరకైన 1098 టెలిఫోను సేవయందు. టాటా సాంఘికశాస్త్రాల సంస్థ ప్రయోగముగా 1996లో బొంబాయిలో ఆరంభింపబడి, 1999లో చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషను పేర సంఘటితమై, జిల్లాజిల్లాకు భాగస్వామ్యసంస్థలతో ఒప్పందములు చేసికొని విస్తరించిన ఆ సేవను 2023లో కేంద్రప్రభుత్వము రాష్ట్రముల మహిళాశిశుసంక్షేమ శాఖలకు బదిలీచేసి, 112 అత్యవసరసేవతో జోడించినది. రెండు తెలుగురాష్ట్రములలోను ఫోనుకాలు ఇప్పుడు ప్రభుత్వపు కంట్రోలు రూమునకు చేరును. బిడ్డయొద్దకు స్వయముగా పోవలసినవారు జిల్లా విభాగపు ఉద్యోగులు. లోగడ ఆ పని చేసిన స్వచ్ఛందసంస్థల కార్యకర్తలకు ఏ రైల్వేస్టేషనులో ఏ ప్లాట్‌ఫారముపై పారిపోయివచ్చిన పిల్లలు నిదురింతురో, ఏ ఇటుకబట్టీకి ఏ నెలలో ఒడిషానుండి కూలికుటుంబములు దిగునో తెలియును. బదిలీ పత్రములలో చేర్చుటకు వీలులేని ఆ జ్ఞానమును జిల్లావిభాగములు ఆ కార్యకర్తలనే పనిలోనికి తీసికొని నిలుపుకొనవచ్చును. పనిలోనికి తీసికొనుటయో మానుటయో ఇప్పుడు ఒక్కొక్క జిల్లా అధికారి చేతిలోని నిర్ణయము.